ఏ అక్షరం మీద ఎంతసేపు? బాణీ కట్టడంలో అసలు లెక్క

తెలుగు పాఠాల్లో తరతరాలుగా నవ్వించిన చమత్కారం ఒకటుంది. "రామునితో కపివరుండిట్లనియె" అన్న మాటల్ని "రాముని తోక, పివరుండిట్లనియె" అని విరిచి చదివితే రాముడికి తోక మొలుస్తుంది, పివరుడనే కొత్త పాత్ర పుట్టుకొస్తుంది. ఒక్క అక్షరమూ మారలేదు. మారిందల్లా ఎక్కడ ఆగామన్నదే. చదివేవాడు ఇలా తడబడితే వెనక్కి వెళ్ళి సరిచూసుకుంటాడు. అదే విరుపు బాణీలో పడితే ఇక అంతే. పాడిన ప్రతివాడూ అక్కడే ఆగుతాడు, విన్న ప్రతివాడికీ తోకే వినబడుతుంది.

బాణీ కట్టడం అనగానే ముందుగా రాగం గురించి అడుగుతారు. విషాదానికి ఏ రాగం, వేడుకకు ఏ రాగం అని. అడగకూడని ప్రశ్న కాదు గాని, కాస్త తొందరపాటు ప్రశ్న. ఒకే రాగం నెమ్మదిగా నడిస్తే కళ్ళు చెమర్చేలా చేస్తుంది, నడక మారిస్తే గంతులు వేయిస్తుంది. కాగితం మీది మాట పాటయ్యేటప్పుడు స్వరం కంటే ముందు తేలవలసింది కాలం. ఏ అక్షరం మీద ఎంతసేపు నిలవాలి, దేన్ని తాకీ తాకకుండా దాటేయాలి, ఊపిరి ఎక్కడ తీయాలి? పాట వింటున్నప్పుడు మాట అందకుండా జారిపోయిన చోటు విప్పి చూస్తే, తప్పు చాలాసార్లు ఈ పంపకంలోనే దొరుకుతుంది.

ఇందుకు పెద్ద సాక్ష్యం అన్నమయ్య రాగిరేకులు. ఆయన (1408–1503) 32,000 కీర్తనలు రాశాడని ప్రతీతి, దొరికినవి సుమారు 14,000. రేకుల మీద కీర్తనలకు రాగం పేరు చెక్కి ఉంది. తాళం లేదు, స్వరం లేదు. అంటే రాగం పేరు చేతిలో ఉండి కూడా బాణీ దక్కలేదు. ఇవాళ కచేరీల్లో వినిపించేవి చాలావరకు 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు కొత్తగా కట్టినవే. "నానాటి బతుకు నాటకము" రేవతి రాగంలో నేదునూరి కట్టిన వరసలో ఎంతగా స్థిరపడిందంటే, అది మొదటినుంచీ అలాగే ఉందనుకునేవారు ఎక్కువ. అలా కట్టడానికి కూర్చున్నవారికి గట్టి ఆధారం మాటల నడకే. ఏ కీర్తన ఐదేసి మాత్రలతో అడుగులేస్తోందో, ఏది ఏడేసి మాత్రలతో ఊగుతోందో రేకు చెప్పకపోయినా మాటలే చెబుతాయి.

సంగీతశాస్త్రం పాటలోని మాటను మాతువనీ, దాన్ని నడిపే సంగీతాన్ని ధాతువనీ పిలిచింది. రెండూ తానే కూర్చగలవాడు వాగ్గేయకారుడని 13వ శతాబ్దపు సంగీతరత్నాకరం నిర్వచించింది. ఇప్పుడు ఆ రెండు పనులూ ఎక్కువగా ఇద్దరి చేతుల్లో ఉంటున్నాయి. పని ఒకరు చేసినా ఇద్దరు చేసినా లెక్క మాత్రం ఒకటే. దాన్ని విడివిడిగా చూడాలంటే ఒక పాదం ముందు పెట్టుకోవాలి. ఇది ఈ వ్యాసం కోసమే అల్లింది. కవిత్వంగా గొప్పదేమీ కాదు, కాని లోపాలతో సహా పనికొస్తుంది:

ఎదురు చూసిన దారిలో ఏ అడుగు సవ్వడి లేదులే

పాడే ముందు పలకాలి

మొదటి పని ఏ వాద్యాన్నీ ముట్టుకోకుండా, ఎదుటి మనిషితో చెబుతున్నట్టు ఈ మాటల్ని నాలుగైదుసార్లు పైకి అనడం. మనసులో చదువుకుంటే కన్ను మోసం చేస్తుంది, పాదమంతా ఒకే బరువుతో కనిపిస్తుంది. నోటితో అంటే తేడా తెలుస్తుంది. "ఎదురుచూసిన దారిలో" ఒక విడతలో వస్తుంది. అక్కడ నోరు చిన్నగా ఆగుతుంది. తరువాత "ఏ" మీద కాస్త ఒత్తు, "లేదు" మీద ఇంకాస్త. చివరి "లే" నిట్టూర్పులా కిందికి దిగుతుంది. ఈ ఆగులూ ఒత్తులూ దిగుడులూ మాటలోనే ఉన్న ముడి బాణీ. కట్టేవాడు దీన్ని పాటించవచ్చు, కావాలని తోసిపుచ్చవచ్చు. తెలియకుండా తోసిపుచ్చితేనే చిక్కు.

ఇంకో సంగతి కూడా నోటితో అంటేనే తడుతుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు "ఏ అడుగు సవ్వడీ లేదు" అంటాం. ముందు "ఏ" ఉంటే చివర దీర్ఘం రావాలి. పాదంలో అది పోయింది. ఎందుకు పోయిందో మాత్రలు లెక్కపెడితే తెలుస్తుంది. లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున "ఎదురు" మూడు, "చూసిన" నాలుగు; "దారి" మూడు, "లో ఏ" నాలుగు; "అడుగు" మూడు, "సవ్వడి" నాలుగు; "లేదు" మూడు, "లే" రెండు, ఆపైన రెండు మాత్రల ఖాళీ. మూడు, నాలుగుల ఊగు. 1910లో గురజాడ ముత్యాల సరాలకు ఎంచుకున్న మిశ్రగతి ఇదే. "సవ్వడీ" అంటే ఒక మాత్ర ఎక్కువై ఊగు చెడుతుంది కనుక దీర్ఘాన్ని మింగేశారు. ఈ బాకీని గుర్తుపెట్టుకోవాలి.

ఛందస్సు ఇంత చక్కగా కుదిరితే బాణీ సగం తయారైనట్టేనని అనుకోవచ్చు. కాదు. ఛందస్సు తూచే రాళ్ళు వేరు, గొంతు తూచే రాళ్ళు వేరు.

గురువుల్లో రకాలు

ఛందశ్శాస్త్రానికి "దా" గురువే, "సవ్వడి"లో "స" కూడా గురువే, "అందం"లో "అం" కూడా గురువే. మూడింటికీ రెండేసి మాత్రలు. పాడేవాడికి ఈ మూడూ మూడు రకాలు. "దా"ను ఎంతసేపు సాగదీసినా "దా"గానే ఉంటుంది. గమకాలు వేసినా, నాలుగు స్వరాలు తిప్పినా మాట చెక్కుచెదరదు. "అందం"లో అచ్చును లాగకుండా ముక్కుతో పలికే "న్" మీద నిలబడవచ్చు, అదొక ఘుమఘుమలా మోగుతుంది. "అమ్మ", "చల్లని", "మెల్లగా" కూడా అలాంటివే. ఆ మకార లకారాల మీద గొంతు ఆగగలదు. "సవ్వడి"తో ఆ సౌకర్యం తక్కువ. "స"ను లాగితే "సావడి" అవుతుంది. అంటే పదిమంది కూర్చునే చోటు! అడుగుల చప్పుడు కాస్తా రచ్చబండ పక్కకు వెళ్ళిపోతుంది.

ఇక "మొక్క", "గుప్పిట", "చిట్టి" లాంటి మాటలు మరీ మొండివి. "క్క" దగ్గర గాలి పూర్తిగా ఆగిపోతుంది. నెమ్మది పాటలో అక్కడ చిన్న గుంత పడినట్టుంటుంది. అవే మాటలు వేగంగా నడిచే పాటలో బంగారం. ప్రతి ద్విత్వమూ మృదంగం మీద ఒక దెబ్బలా పడుతుంది, తాళవాద్యం చేయాల్సిన పనిలో సగం మాటే చేసేస్తుంది. ఒకే కవి రాసిన రెండు గీతాల్లో ఒకటి తేలిగ్గా పాటై, రెండోది ఎంతకీ లొంగకపోతే, భావం లోతు గురించి చర్చించే ముందు ద్విత్వాలు లెక్కపెట్టుకోవడం మంచిది.

లఘువును లాగడం ఇంకా ప్రమాదం. తెలుగులో హ్రస్వదీర్ఘాల తేడా మాట అర్థాన్నే మార్చేస్తుంది. "నది"ని లాగితే "నాది", "పడు"ను లాగితే "పాడు", "కల"ను లాగితే "కాల". పదం చివరి అచ్చు మరీ సున్నితం. "వాడు" అన్నదాన్ని "వాడూ" అంటే వాడితోపాటు ఇంకెవరో ఉన్నారని అర్థం. "లేదు"ను "లేదూ" అంటే "అవునా కాదా చెప్పు" అని నిలదీయడం. తెలుగు అజంత భాష, మాటలన్నీ అచ్చుతో ముగుస్తాయి కనుక సంగీతానికి పుట్టిందని వేదికల మీద చెప్పుకోవడం అలవాటైపోయింది. నిజమే గాని సగం నిజం. ఆ చివరి అచ్చులు ఎక్కువగా పొట్టివి: ఉకారాలు, ఇకారాలు. వాటి మీద నిలబడాలని చూస్తే వ్యాకరణం అడ్డొస్తుంది.

జానపదులు ఈ చిక్కును ఏనాడో విడదీశారు. పాదం చివర "ఉయ్యాలో", "వలలో", "ఏలో" అని ఒక మాట తగిలించారు. అర్థం కోసం కాదు. బాణీకి కావలసిన సాగుడంతా ఆ మాట మింగేస్తుంది, అసలు మాటలు మాట్లాడినంత సహజంగా గబగబా సాగిపోతాయి. ఊతపదమని తీసిపారేసే చోట ఇంత పనితనం ఉంది. సినిమా పాటల పాదాల చివర కనిపించే "లే", "రా", "వే", "గా", "లో"లు కూడా ఆ వంశానివే. మన పాదంలో చివరి "లే" కూడా అంతే. రెండు మాత్రల ఖాళీని భరించడానికి వచ్చి కూర్చుంది.

మరి కీర్తనల్లో, పదాల్లో లఘువుల మీద కూడా బోలెడు సంగతులు (ఒకే పాదాన్ని స్వరం మార్చి మార్చి పాడే తీర్లు) వేస్తారు కదా అని అడగవచ్చు. వేస్తారు. కాని వరుస చూడాలి. త్యాగరాజ కీర్తనల్లో మొదటి సంగతి మాటను దాదాపు ఉన్నదున్నట్టు చెబుతుంది, పోనుపోను స్వరం విస్తరిస్తుంది. విన్నవాడికి మాట ఒకసారి తెలిసిపోయాక దాన్ని ఎంత లాగినా చెవి సరిచేసుకుంటుంది. మొదటిసారే లాగితే సరిచేసుకోవడానికి చెవికి ఏమీ ఉండదు.

ఒంటరి "ఏ"

మన పాదంలో అసలు గండం "ఏ" దగ్గర ఉంది. అర్థం ప్రకారం విరుపు "దారిలో" తరువాత రావాలి. మిశ్రగతి ప్రకారం ఏడు మాత్రల ముక్క "దారిలో ఏ" దగ్గర ముగిసి, కొత్త ముక్క "అడుగు"తో మొదలవుతుంది. ముక్క చివర ఊపిరి తీస్తే "ఎదురు చూసిన దారిలో ఏ..." అని పాట గాలిలో వేలాడుతుంది. రాముడి తోకకు ఇది దగ్గరి చుట్టం.

ఇలాంటి చోట మూడు దారులున్నాయి. మొదటిది, "లో"ను ఒక్క మాత్రలో ముగించి, ఆ మిగిలిన మాత్రలో ఊపిరి తీసి, "ఏ"ను తరువాతి తాళం దెబ్బకు ఎత్తుగడగా పాడడం. "ఏ" పాత ముక్కలో ఉన్నా కొత్త ముక్కకు చెందినట్టు వినబడుతుంది. "దారిలొ" అని కాస్త కురచగా పలికినా ఎవరికీ తప్పనిపించదు, మాటల్లో "దార్లో" అనేవాళ్ళమే. రెండోది, వేగం పెంచి అసలు ఊపిరి తీయకుండా దాటేయడం. మాత్రకు పావు సెకను చొప్పున పాడితే 28 మాత్రలూ 7 సెకన్లలో అయిపోతాయి, ఒక్క ఊపిరి చాలు. మాత్రకు అర సెకను ఇస్తే 14 సెకన్లు. మధ్యలో ఆగక తప్పదు.

మూడోది అన్నిటికంటే ఆసక్తికరం: గతినే మార్చడం. ఇదే పాదాన్ని మిశ్రం వదిలి చతురశ్రంలో, నాలుగు నాలుగుగా నడిపించి చూస్తే ఏమవుతుంది? మూడు మాత్రల ముక్కలన్నిటికీ తలా ఒక మాత్ర అదనంగా దొరుకుతుంది. "దారి"లో ఆ మాత్రను "దా"కు ఇస్తే సరి. "లేదు"లో "లే"కు ఇస్తే సరి. "ఎదురు"లో మూడూ లఘువులే, ఎవరికిచ్చినా మాట చెడుతుంది కనుక దెబ్బను ఖాళీగా వదిలి, ఒక మాత్ర ఆగి ఎత్తుకోవాలి. ఇప్పుడు "అడుగు" వంతు. అక్కడా మూడు లఘువులే, అక్కడా దెబ్బ ఖాళీ. కాని దానికి ముందున్న "ఏ" దీర్ఘం కదా, అది తనంతట తానే సాగి ఆ ఖాళీని నింపి, దెబ్బ దాటివచ్చి "అడుగు"ను పట్టుకుంటుంది. మిశ్రంలో గండంగా ఉన్న అక్షరం చతురశ్రంలో వంతెన అయింది. పదం మార్చలేదు, రాగం ఊసే రాలేదు.

అలాగని చతురశ్రమే మేలని తేల్చేయలేం. మిశ్రంలోని కుంటినడకకు ఎదురుచూపులో ఉండే అస్థిమితం ఉంది. నాలుగు నాలుగుల నడక దాన్ని చదును చేసేస్తుంది. అర్థం స్పష్టంగా చేరడం కావాలా, ఊగు కావాలా అన్నది కట్టేవాడి నిర్ణయం. ఇక్కడ మొదటి దారితో సర్దుకుని మిశ్రాన్నే నిలుపుకోవడం మంచిదనిపిస్తుంది.

ఇక ఒత్తు. ఒక అక్షరాన్ని ఎత్తిచూపడానికి బాణీకి మూడు సాధనాలున్నాయి: ఎక్కువసేపు నిలవడం, పై స్వరానికి ఎక్కించడం, తాళం దెబ్బ మీద నిలబెట్టడం. మూడింటినీ ఒకే అక్షరం మీద కుమ్మరిస్తే పాట అరిచినట్టుంటుంది. మన పాదంలో "లేదు"కు దెబ్బ ఎలాగూ ఉంది. "ఏ" బలహీనమైన చోట పడింది కనుక దానికి ఎత్తు ఇవ్వాలి. పాదంలోని పై స్వరం "ఏ" మీదకు వస్తే, "ఏ ఒక్కటీ" అన్న ఒత్తు దెబ్బ లేకుండానే వినబడుతుంది.

రెండో పాదం తెచ్చే తలనొప్పి

ఒక్క పాదానికి వరస కట్టడం ఎవరైనా చేస్తారు. అదే వరసలో రెండోది ఇమడాలి. ప్రాస కోసం "ద" తీసుకుని మొదట ఇలా తట్టిందనుకోవచ్చు: "నిదుర రానీ కంటికీ ఈ నిశియె చెలిమై పోయెలే." మాత్రలు సరిపోయాయి. ఎదురు, నిదుర ప్రాస కుదిరింది. కాని "నిదుర రాని కంటికి" అనవలసింది మాత్రల కోసం "రానీ" అయింది. "నిదుర రానీ" అంటే నిద్రను రానివ్వు అని! నిద్ర లేని కంటి గురించి చెప్పబోయి జోలపాట మొదలుపెట్టినట్టయింది. "కంటికీ" అంటే కంటికి కూడా అని ఇంకో అక్కరలేని అర్థం. దిద్దితే:

నిదుర మరచిన కంటికిక ఈ నిశియె చెలిమై పోయెలే

అర్థాలు దారికొచ్చాయి. అయినా "చూసిన" ఉన్న చోట ఇప్పుడు "మరచిన" ఉంది. రెండూ నాలుగు మాత్రలే. మొదటిదానిలో మూడు అక్షరాలు, రెండోదానిలో నాలుగు. "చూ" మీద రెండు మాత్రలపాటు జారిన స్వరం ఇప్పుడు "మ", "ర" అని రెండుగా తెగాలి. జారుడు అందంగా ఉందని దాన్నే పట్టుకుంటే "మారచిన" అవుతుంది. మాత్రలు సరిపోతే బాణీ సరిపోతుందన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. అక్షరాల సంఖ్య మారినప్పుడల్లా స్వరాన్ని చీల్చడమో కలపడమో చేయాలి. మంచి గాయకులు చెప్పకుండానే చేసేస్తారు కనుక కాగితం మీద ఆ శ్రమ కనబడదు.

ఎత్తు స్వరం సంగతి కూడా తేలలేదు. మొదటి పాదంలో పై స్వరం "ఏ" మీద పెట్టాం, రెండో పాదంలో అదే చోట "ఈ" వచ్చింది. నోరు బాగా తెరిచి పలికే "ఆ"కు మొదటి అనునాదం, అంటే నోరు బాగా మోగే ఎత్తు, సుమారు 700 హెర్ట్జ్ దగ్గర ఉంటే, నోరు మూసినట్టుగా పలికే "ఈ"కి 300 చుట్టుపక్కల ఉంటుంది. గొంతు ఆ అనునాదాన్ని దాటి పైకి వెళ్ళేకొద్దీ అచ్చు తన పోలిక పోగొట్టుకుంటుంది. ఒపేరాలో సోప్రానో (అన్నిటికంటే హెచ్చు స్థాయి) గాయనులు పై స్వరాల్లో అన్ని అచ్చులనూ ఇంచుమించు "ఆ"లా పలకడానికి కారణం ఇదే. మన పాదంలో స్వరం మరీ ఎత్తైతే "ఈ" బదులు "ఆ నిశియె" అని రాయమని కవిని అడగాలి. అర్థం కొద్దిగా దూరమవుతుంది, గొంతు విచ్చుకుంటుంది. బేరం కుదరకపోతే పాట శ్రుతినే దించాలి.

ఇది రెండు పాదాలకే. పల్లవి, రెండు మూడు చరణాలు ఉన్న పాటలో ప్రతి చరణానికీ ఇదే పంచాయితీ. ఒకే వరసలో చరణాలన్నీ నడిపించాలా, భావం మారినచోట వరసా మార్చాలా అన్నది పాత వివాదం. జర్మన్ కవి గేథే ఒకే వరసను ఇష్టపడేవాడు, మాటే ముందు, సంగీతం దానికి తోడు అని. ఆయన 1782 నాటి "ఎర్ల్‌క్యోనిగ్" కథాగీతాన్ని 1815లో పద్దెనిమిదేళ్ళ స్వరకర్త షూబెర్ట్ కట్టినప్పుడు వరస మార్చుకుంటూ పోయాడు. కథకుడు, తండ్రి, బిడ్డ, భూతం నలుగురినీ ఒకే గొంతు పలుకుతుంది. "నాన్నా" అని బిడ్డ మొత్తుకున్న ప్రతిసారీ స్వరం మరో మెట్టు పైకి జరుగుతుంది. అదే మాట, అంతే కాలం, ఎత్తు మాత్రం వేరు. భయం పెరుగుతోందని ఇంకెవరూ చెప్పనక్కరలేదు. మరుసటేడు షూబెర్ట్ మిత్రులు ఆ గీతాలను గేథేకు పంపితే ఒక్క మాటా లేకుండా తిరిగొచ్చాయి.

బాణీ ముందు, మాట తరువాత

సినిమా పాటల్లో ఎక్కువగా క్రమం తిరగబడుతుంది. ట్యూన్ ముందు, సాహిత్యం తరువాత. సంగీత దర్శకుడు "తననాన తందనన" అనో, నోటికొచ్చిన డమ్మీ మాటలతోనో పాడి ఇస్తాడు. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ 1965 నాటి "ఎస్టర్‌డే" బాణీకి అసలు మాట దొరికేదాకా "స్క్రాంబుల్డ్ ఎగ్స్" అని పాడుకుంటూ తిరిగాడు. గుడ్ల పొరటుకూ ఆ విషాదానికీ సంబంధం లేదు, మూడు అక్షరాల తూకం నిలపడమే దాని పని. డమ్మీ మాటలు చూడ్డానికి వెర్రిగా ఉన్నా అవి ఖాళీ అచ్చుపోతలు. ఎక్కడ గురువు కావాలో, ఎక్కడ మూతపడే హల్లు పనికిరాదో అందులోనే ఉంటుంది.

తెలుగు రచయితకు ఈ పద్ధతిలో కొంత సులువు, కొంత కష్టం. "మనసు, వెలుగు, పరుగు, నిదుర, అడుగు" లాంటి మూడు లఘువుల మాటలు భాషలో కొల్లలు కనుక గబగబా నడిచే చోట కొరత ఉండదు. పాదం చివర స్వరం నిలబడిందంటే మాత్రం వెతుకులాట మొదలవుతుంది, గురువుతో ముగిసే మాటలు తక్కువ. అప్పుడే ఆ "లే, రా, గా"లు పరుగెత్తుకొస్తాయి. వాటిని చూసి కవికి మాటలు కరువయ్యాయనడం అన్యాయం. ఆ చోటును ఖాళీగా వదిలింది ట్యూన్.

దక్షిణ చైనాలో మాట్లాడే కాంటొనీస్ భాష రచయితల పని ఇంకా గట్టిది. ఆ భాషలో గొంతు ఎత్తు మారితే మాటే మారిపోతుంది, ఆరు స్థాయిలున్నాయి. అందుకే అక్కడి పాటల్లో ట్యూన్ ఎక్కడ ఎక్కితే మాట కూడా అక్కడే ఎక్కేదిగా వెతికి నింపుతారు. స్వరం ఎత్తు మీదే నడిచే పశ్చిమాఫ్రికా యొరుబా భాషలోకి క్రైస్తవ కీర్తనలను తెచ్చినప్పుడు పాశ్చాత్య బాణీలను అలాగే ఉంచి మాటలు మార్చడంతో కొన్ని పదాలు వేరే అర్థాలిచ్చాయి. తెలుగుకు ఆ బాధ లేదు. మనకు హ్రస్వదీర్ఘాలు ఎంతటివో, వాళ్ళకు హెచ్చుతగ్గులు అంతటివి.

ఏ క్రమం మేలన్న ప్రశ్నకు ఒకే మనిషి రెండు రకాలుగా జవాబిచ్చాడు. బ్రాడ్‌వే స్వరకర్త రిచర్డ్ రాడ్జర్స్, గీతరచయిత లోరెంజ్ హార్ట్‌తో పనిచేసినంతకాలం ఎక్కువగా ముందు బాణీ ఇచ్చేవాడు. 1943 నాటి "ఓక్లహామా!"తో మరో గీతరచయిత ఆస్కర్ హామర్‌స్టీన్‌తో కలిశాక మాటలు ముందు తీసుకున్నాడు. మొదటి జోడీ పాటల్లో చురుకు, చమత్కారం, చటుక్కున తగిలే ప్రాసలు. రెండో జోడీ పాటల్లో తీరుబడిగా సాగే వాక్యాలు, వెడల్పైన స్వరాలు. స్వరకర్త ఒకడే. మారింది ఎవరు ఎవరికి చోటిచ్చారన్నదే.

పరీక్షలు

కట్టిన వరస సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి ఖర్చులేని పరీక్షలు రెండున్నాయి. ఒకటి, పాదమంతా ఒకే స్వరం మీద, ఎక్కుదిగుడు లేకుండా, అనుకున్న కాలాలతో మాత్రమే పాడడం. అలా పాడినా మాట అర్థమవుతూ, కాస్తో కూస్తో భావం పలికితే పంపకం సరిగ్గా ఉన్నట్టు. స్వరాలు చేర్చాకే అర్థమవుతోందంటే రాగం ఎక్కడో తప్పును కప్పుతోంది. రెండోది, మాటలు తెలియని మనిషికి ఒక్కసారి పాడి వినిపించి, విన్నది రాసిమ్మనడం. "సావడి" అని రాస్తే తప్పు రాసినవాడిది కాదు.

మన పాదాన్ని ఆ మొదటి పరీక్షకు పెడితే "సవ్వడి లేదులే" దగ్గర చిన్న వెలితి మిగులుతుంది. "ఏ" అడిగిన దీర్ఘం ఇంకా బాకీ ఉంది. తీర్చే చోటు పాదం చివరే కనిపిస్తుంది, అక్కడ రెండు మాత్రలు ఖాళీగా పడున్నాయి కదా. "డి"ని ఒక మాత్ర సాగనిచ్చి "సవ్వడీ" అంటే, "లేదు" తన దెబ్బ మీద పడకుండా ఒక మాత్ర ఆలస్యంగా వస్తుంది. చివరి "లే" ఒక మాత్ర వెనక్కి జరిగి, ఖాళీలో మిగిలిన ఒక్క మాత్రనూ తీసుకుంటుంది. మొత్తం 28కి 28. వ్యాకరణం దక్కింది, తాళం తప్పలేదు. దెబ్బ పడ్డాక, ఏదో వినబడుతుందేమోనని చెవి ఒక్క క్షణం ఆగాక, అప్పుడు "లేదు" వినబడుతుంది.